గన్నవరం రోడ్డున రంగూన్ వీధి

"తాతగారూ, మీరు మిలటరీ డ్రెస్సులు కుట్టిన సినిమా ఒకటుందని మా అమ్మ చెప్పింది. ఫోన్లో దొరికింది. ఇదేనా చూడండి."

ఏదీ, ఇటివ్వు సింధూ. ఆ కళ్ళజోడు కూడా ఇటందుకో. ఆఁ... ఇదే. ఇదేనమ్మా! సగం బొమ్మ చెరిగిపోయింది గానీ ఆ టోపీలు నేను కుట్టినవే. ఎక్కడ దొరికిందే నీకు ఇది? సరే, ఆపెయ్, ముందు ఆ మోత ఆపు. చెప్తాలే, కూర్చో.

అప్పుడు నాకు పాతికేళ్ళు. కాదు, ఇరవయ్యారు. మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు అది. పంజా సెంటర్లో మా అబ్బాజాన్ కొట్టు ఉండేది, రెండు మిషన్లు. చొక్కా కుట్టు కూలి రెండు రూపాయలంటే పెద్ద టైలర్ కింద లెక్క, తెల్సా? ఒకరోజు మద్రాసు నుంచి ఒకాయన వొచ్చాడు, సినిమా కంపెనీ మేనేజరంట. "ముప్పై జతలు మిలటరీ యూనిఫారాలు కావాల, పది రోజుల్లో" అన్నాడు. ఏ దేశం మిలటరీ అండీ అనడిగితే "ఏ దేశం కాకుండా ఉండాల" అన్నాడు! కథేందంటే, మన సి.ఐ.డి. ఒకాయన పరదేశం పోతాడు, అక్కడ సైన్యం గద్దెనెక్కుద్ది, ఊళ్ళో కాల్పులు, ఆ గొడవలో ఒక సైంటిస్టు కూతుర్ని తప్పించుకొస్తాడు. పేరు మూడుసార్లు మార్చారు. ఇప్పుడు నీ ఫోన్లో ఉన్నది ఏ పేరో నాకు తెలీదు.

పరదేశం పోయేదానికి వాళ్ళ దగ్గర డబ్బులేవీ? అందుకని గన్నవరం రోడ్డులో మూతబడ్డ రైసుమిల్లొకటి మాట్టాడుకున్నారు. ఆ ఆవరణలో వీధి వేశారు. చెక్క, గోనెపట్టా, రంగు, అంతే. ముందు నుంచి చూస్తే రెండంతస్తుల మేడలు, వెనక్కి పోతే వెదురు గుంజలు. తుపాకులు కొండపల్లి బొమ్మలు చేసే ఆయన చెక్కాడు. తెల్ల పొణికి కర్ర కదా, దూదిలాగా తేలిక. సైనికులు వాటితో విసురుకునేవోళ్ళు! నేను గుడ్డకి పచ్చరంగు అద్దించాను, అది చెమటకి కారి అందరి మెడలూ ఆకుపచ్చే. మా ఆవిడ ఖాజాబీ, అదే, మీ నానమ్మతో స్నేహంగా ఉండేదే, ఆమె చూసి ఎంత నవ్విందో.

ఉండు, అసలు మనిషిని చెప్పలేదు. ఆదినారాయణ గారని మా కొట్లో కాజాలు కుట్టేవోడు. గుండీ కాజాలు, చేత్తో. ఆయన కాజా వేస్తే అచ్చు అచ్చేసినట్టుండేది. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద, బాబాయ్ అని పిలిచేవోణ్ణి. రంగూన్లో చాన్నాళ్ళు టైలరు. అక్కడ మిలటరీ వాళ్ళు వొచ్చాక మనవాళ్ళని పంపేశారు కదా, అట్టా ఓడెక్కి వొచ్చినాయన. ఒక్కడే వొచ్చాడు. మా కొట్టు మీదున్న గదిలో ఉండేవోడు. మాటలు తక్కువ. రంగూన్ ఎట్టా ఉంటది బాబాయ్ అని నేనెప్పుడన్నా అడిగితే "వానలెక్కువ" అనేవోడు. అంతే.

ఆ వీధి వేసే ఆర్టు మేష్టారికి ఈయన సంగతి నేనే చెప్పాను. నా నోరు ఊరుకోదు కదా. ఆ వీధులెట్టా ఉంటయో అడుగుదామని ఆ మేష్టారు కాగితాలేసుకుని మా కొట్టు దగ్గరికి వొచ్చాడు. "నాకేం గుర్తులేదండి" అన్నాడు ఆదినారాయణ గారు. అని, కాసేపటికి కత్తిరించే బల్ల మీద సుద్దతో గీయడం మొదలెట్టాడు. వీధి మొదలు, టీ దుకాణం, వరసగా ఇళ్ళు, పైన చెక్క వరండాలు. మూడో ఇంటికొచ్చేసరికి సుద్ద ఆగిపోయింది. తలుపు గియ్యలేదు. "అక్కడ మీ ఇష్టం" అన్నాడు.

షూటింగు మే నెలలో. రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. జనం కింద నిలబడేదానికి మనుషులు చాలక మా కొట్టోళ్ళందర్నీ రమ్మన్నారు. పొద్దున్నే ఎడ్లబండిలో పోయాం. ఆదినారాయణ గారు ఆ వీధిని అదే చూడటం. దిగాడు, నాలుగడుగులు వేశాడు, మూడో ఇంటి ముందు ఆగాడు. ఆకుపచ్చ తలుపు. కింద మెట్టు ఒక చివర విరిగి ఉంది.

"సత్తారూ, ఈ తలుపుకి ఈ రంగెవరు చెప్పారు?" అన్నాడు.

నేను పోయి ఆర్టు మేష్టార్ని అడిగితే, "మీ యూనిఫారాల రంగు మిగిలిందయ్యా, వేసేశాం. మెట్టు లారీలోంచి దించేటప్పుడు విరిగింది" అన్నాడు. అదే వొచ్చి చెప్పాను. తలూపాడు. కానీ ఆ ఎండలో ఆయన చేతులు చల్లగా ఉన్నాయమ్మా. నేను పట్టుకు చూశాను.

మధ్యాన్నం పన్నెండు దాటాక ఆ సీను. మిలటరీ లారీ వొస్తది, జనం పరుగెత్తుతారు, ఒకాయన ఓ ఇంటి తలుపు కొడతాడు, లోపలోళ్ళు భయపడి తియ్యరు, సైనికులు కాలుస్తారు, పడిపోతాడు. డైరెక్టరు అందర్నీ చూసి చూసి ఈయన్ని చూపించాడు, "ఆ మొహం బాగుంది, ఆయన్ని తలుపు కొట్టమనండి." నేను వొద్దని చెప్పబోయా. ఎందుకో నాకే తెలీదు. ఈలోపు ఒక సైనికుడి చొక్కా చెయ్యి చిరిగిందని నా మీద పడేశారు. నీడ ఎక్కడుంది? ఆ చెక్క గోడల వెనక జానెడు నీడ. అక్కడ కూర్చుని కుట్టుకుంటున్నా. మూడో ఇంటి తలుపు వెనకే, చూడు, నా భుజానికీ దానికీ మూరెడు దూరం. తాడుతో గుంజకి కట్టేసి ఉంది. నా ఎదర కోతలైపోయిన చేను, నల్లమట్టి నెర్రెలిచ్చి, ఎండమావులాడతా ఉంది. కాకి కూడా లేదు.

లారీ వొచ్చింది. జనం అరుపులు. పరుగులు. తలుపు మీద మూడు దెబ్బలు పడ్డయి, దబ్ దబ్ దబ్. చెక్కంతా అదిరింది.

ఆ తర్వాత, నా పక్క నుంచి... రెండు. మెల్లగా. ఒక్క వేలు మడిచి కణుపుతో కొట్టినట్టు. టక్, టక్.

సూది అట్టాగే ఆగిపోయింది నా చేతిలో. తలుపు వంకే చూస్తున్నా. ఎవరూ లేరమ్మా. నేనున్నా, చేనుంది.

అవతల "పడు! పడిపో!" అని డైరెక్టరు మైకులో అరుస్తున్నాడు. ఈయన పడలేదు. తలుపుకి చెవి ఆనించాడంట, తర్వాత చెప్పారు. ఏదో ఆ బర్మా భాషలో అన్నాడు. ఆ తర్వాత తెలుగులో, "తీస్తన్నా... తీస్తన్నా..." అన్నాడు. బయటున్నోడు తీస్తన్నా అంటాడా ఎక్కడన్నా? ఒక్క లాగు లాగాడు. తాడు తెగింది. తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా నేను, ఒళ్ళో చొక్కా పెట్టుకుని.

"నువ్వేనా కొట్టింది?" అన్నాడు.

"కాదు బాబాయ్."

"విన్నావా?"

"లేదు" అన్నాను. అబద్ధం చెప్పానమ్మా. ఆ కళ్ళు చూసి చెప్పాను. విన్నానంటే ఈ మనిషి ఇంక మనకి దక్కడు అనిపించింది.

నన్ను దాటుకుని చేలోకి నడిచిపోయాడు. చెప్పుల్లేకుండా, ఆ నెర్రెల మీద. వెనకాల డైరెక్టరు చప్పట్లు కొడుతున్నాడు, "బ్రహ్మాండం, ఇదే ఉంచేద్దాం" అని. నేను నీళ్ళ చెంబు పట్టుకుని వెనకబడ్డాను. గట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళు తాగలేదు గానీ, అప్పుడు చెప్పాడు తన సంగతి. ఆయన దగ్గర పనిలో చేరిన మూడేళ్ళకి, కాదు కాదు, నా దగ్గర ఆయన చేరిన మూడేళ్ళకి.

అక్కడ ఆయనకి భార్య ఉందంట, ఆ దేశపు మనిషే. ఇంట్లో లక్ష్మీ అని పిలుచుకునేవోడంట. గొడవల రోజుల్లో ఒక మధ్యాన్నం బియ్యానికి పోయింది. ఈలోపు వీధిలోకి లారీ వొచ్చింది, కాల్పులు మొదలైనయి. ఈయన లోపల గడియ పెట్టుకుని మంచం కింద దూరాడు. తలుపు కొట్టారు. "తెలుసు సత్తారూ, అది లక్ష్మే. ఎప్పుడూ ఒక్క వేలితోనే కొట్టుద్ది, గాజులు మోగకుండా. తెలుసు. కాళ్ళు కదల్లేదు" అన్నాడు. తీసేసరికి వీధంతా నిశ్శబ్దం. గుమ్మంలో బియ్యం చిమ్మి ఉన్నయి. మనిషి లేదు. ఆస్పత్రులు తిరిగాడు, పోలీసుల్ని అడిగాడు. మూడు నెలలకి వెళ్ళిపొమ్మన్నారు, ఓడెక్కాడు.

ఒక్క వేలితో అని ఆయన అంటుంటే నాకు ఆ ఎండలో చలేసింది.

సినిమా మన ఊళ్ళో నాలుగు రోజులాడింది. ఆయన రాలేదు. నేనూ ఖాజాబీ పోయాం. జనం నవ్వుతున్నారు, తుపాకులు గాలికి ఊగుతున్నయి మరి! ఆ సీనొచ్చింది. సంగీతం ఆగింది. మూడు దెబ్బలు. ఆగి... రెండు. ఖాజాబీ నా చెయ్యి పట్టుకుంది. "లోపలెవరు?" అంది. ఆ రోజుల్లో చప్పుళ్ళన్నీ తర్వాత మద్రాసులో కూర్చుని వేస్తారమ్మా, ఆ మిల్లు దగ్గర తీసిన శబ్దం ఏదీ ఉంచరు. మరి ఆ రెండూ ఎవరు వేశారు, ఎందుకు వేశారు? ఆ మేనేజరు మళ్ళీ రాలేదు, ఎవర్నడగను? అందుకే మోత ఆపమన్నా నిన్ను. కావాలంటే ఇంటికి పోయి విను. నా ముందొద్దు.

అయితే ఆ రోజు నుంచి ఈయన మారిపోయాడు. అప్పటిదాకా ఆమె చనిపోయిందనుకునే బతికాడు కదా, ఇప్పుడు అడగటం మొదలెట్టాడు. నెలకోసారి రైలెక్కి విశాఖపట్నం వైపు పోయేవోడు, అక్కడ బర్మా నుంచి వొచ్చినోళ్ళ కాలనీలు ఉన్నయి. గుమ్మం గుమ్మం అడిగేవోడు. రెండేళ్ళు తిరిగాడు. చివరికి గౌరమ్మ గారని ఒక ముసలామె, ఆ వీధిలోనే పిండివంటలు అమ్మిన మనిషంట, ఈయన్ని గుర్తుపట్టింది.

"బతికే ఉందయ్యా" అందంట. "నీ ఇంటికి నాలుగు గుమ్మాల అవతల, ఆ గొడుగులు చేసేవాళ్ళు తలుపు తీసి లోపలికి లాక్కున్నారు. వాళ్ళింట్లోనే ఉంది ఆ మూడు నెలలూ, నీకు చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టేయించుకుని. నువ్వు ఓడెక్కే రోజు రేవు దాకా వొచ్చింది. జనంలో నిలబడి చూసింది. పిలవవే అన్నాను. పిలిచినా ఆయన తియ్యడు అంది."

అదమ్మా సంగతి. నాలుగు గుమ్మాలు. ఈయన ఊరంతా వెతికాడు.

ఉత్తరం రాయించాడు గౌరమ్మ గారి చేత, ఆ భాషలో. ఏం రాయించావు బాబాయ్ అంటే చెప్పలేదు. ఏడాది దాకా జవాబు లేదు. గౌరమ్మ గారి అడ్రసుకి వొచ్చింది చివరికి, ఆవిడ కబురు చేస్తే ఈయన పోయి చదివించుకొచ్చాడు. మూడు ముక్కలు. ఉత్తరం అందింది. నేను బాగున్నాను. ఇంక రాయొద్దు.

నేనేమో ఈయన కుప్పకూలతాడనుకుని, స్టేషన్‌కి పోయి కాచుక్కూర్చున్నా. రైలు దిగాడు, నన్ను చూసి, "బాగున్నానంది సత్తారూ" అన్నాడు. అంతే అన్నాడు. దార్లో మళ్ళీ, "బాగుందంట." ఆ మధ్యాన్నం మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. అన్నేళ్ళలో ఎప్పుడూ రెండోసారి అడగని మనిషి, "ఇంకాస్త పప్పు వెయ్యమ్మా" అని ఖాజాబీని అడిగాడు. ఆమె వంటింట్లోకి పోయి ఏడ్చింది.

మళ్ళీ రాయలేదు. వొద్దంది కదా, రాయలేదు. ఇంకో పన్నెండేళ్ళు బతికాడు. మా పిల్లలందరికీ కాజాలు వేయటం ఆయనే నేర్పాడు. ఆ రెండు చప్పుళ్ళు విన్నావా అని నన్ను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్దామనుకున్నాను, నిజంగా. ఆయన అడగలా, నేను చెప్పలా. ఇప్పుడు నీకే మొదట చెప్పటం... ఖాజాబీకి కూడా చెప్పలేదు. ఆమె బతికున్నన్నాళ్ళూ అది సినిమాలో చప్పుడే అనుకుంది...

ఎండ తగ్గింది చూడు. పటమట పోవాలంటే బస్సు దొరకదు ఇంకాసేపైతే, బయల్దేరు. నా మాటలకేం, అవి అయిపోయేవి కావు. చల్లగా ఉండు తల్లీ. నువ్వు ఏ ఇంట ఉన్నా నీ పిలుపుకి పలికేవోళ్ళు ఉండాల. నలుగురూ ఒక్కసారే పలకాల... ఆఁ, మెట్లు చూసుకుని దిగు. నెమ్మదిగా...