ఓడ దిగిన పొట్టేలు

ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ మెట్ట నేలల్లో, డగల్డ్ ముసలాయన ఉన్ని కొట్టం. పొరుగు మంద యజమాని మారీన్ ట్రక్కు ఇంజన్ ఆపకుండానే దిగింది.

"నీకమ్మిన పొట్టేలు వంశాన్ని మా తాత ఓడలో, తన దుప్పట్లో చుట్టి తెచ్చాడమ్మాయ్. అలాంటి పొట్టేలు ఈ జిల్లాలో ఇంకోటి లేదు. నీకు అమ్మి నా కడుపు నేనే కొట్టుకున్నాను."

"ఆ ఓడ కథ నిరుడే విన్నాను డగల్డ్. ఉన్ని సంగతి చెప్పండి. నిన్న కత్తిరించాం. మీ పొట్టేలు పిల్లలకి తలా నాలుగు కిలోలు. నా ముసలి పొట్టేలు పిల్లలకి ఐదు. ఒకే బీడు, ఒకే గడ్డి."

"నాలుగా? తూకం సరిగ్గా..."

"తూకాన్ని తప్పుపట్టకండి."

"దాని ఒంటి మీద పధ్నాలుగు కిలోలు దిగింది, నీ కళ్లముందే. నా మిగతా పొట్టేళ్లకి ఎనిమిది. ఉన్ని బరువులో నూటికి నలభై పాళ్లు రక్తానిదేనని నువ్వేగా కాగితం చదివి వినిపించావు."

"చదివాను. బుద్ధిలేక చదివాను. ఆ నలభై పాళ్లన్నది ఏదో ఒక జీవం ఒంటి లెక్క కాదు. మందలో ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉంటుందే, ఆ తేడాలో రక్తానికున్న వాటా. అదీ అన్నీ ఒకేలా పెరిగితేనే. ఆ ఏడు కరువు కదా, మీ మిగతా పొట్టేళ్లు ఏం తిన్నాయి?"

"దుమ్ము."

"ఇది?"

"ఇదీ... బయటే ఉండేది. అప్పుడప్పుడూ."

"అప్పుడప్పుడూ బయట. మిగతాప్పుడు?"

"కొట్టంలో. కాస్త ఓట్స్."

"కాస్త?"

"పూటకో బకెట్. చలికి కోటు తొడిగాను. ముద్దొచ్చింది మరి."

"అంటే నేను కొన్నది ఓట్స్. ఆరు కిలోల తేడా మీ బకెట్‌ది. దాన్ని రక్తమని నాకు అంటగట్టారు. అది నమ్మి నా ముసలి పొట్టేల్ని కబేళాకి పంపాలని గేటు దగ్గర కట్టేసి వచ్చాను. పన్నెండింటికి లారీ వస్తుంది. రెండిటికీ మేత లేదు నా దగ్గర. ఏది ఎక్కాలి?"

"తొందరపడకు. ఇదీ మంచిదే..."

"మంచిదో కాదో ఓడ చెప్పదు. దీని తండ్రి ఎవరు? మీ మంద వంశాలు రాసే పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంది."

"టీ తాగుతావా?"

"డగల్డ్."

"నాలుగేళ్ల కిందట మన సరిహద్దు కంచె వరదకి వంగింది, గుర్తుందా?"

"కంచె గురించి ఎవరడిగారు? నా గొర్రెల్లో సగం ఆ ముసలి పొట్టేలు కూతుళ్లే. వాటిని తండ్రితోనే కట్టించలేక, కొత్త రక్తం కావాలనే కదా మీ గడప తొక్కాను. దీని తండ్రి ఎవరు?"

"ఓడ కథ నేనల్లిందే, మారీన్. మా తాత నీళ్లతొట్టి దాటాలన్నా భయపడేవాడు. పోయి ఆ ముసలి పొట్టేలు కట్టు విప్పు. ఆ వంగిన కంచె దూకి నా గొర్రెల్లోకి వచ్చింది అదే. నీకు నేనమ్మింది దాని కొడుకునే."