గుహ ముందు కాపలా

జీవితమంతా మిల్లు గేటు దగ్గర కాపలా కాసిన తాత మోకాళ్ళు రుద్దుకుంటూ చెబుతుంటే, పాచికలు వేస్తూ తలా ఒక పాత్రగా ఆడే సాహసకథ ఆటలో ఆయన ఆడబోయే వీరుడి వివరాలు మనవరాలు రాసుకుంటోంది.

"రెండు విద్యలు ఉండొచ్చన్నావుగా. ముందు కత్తి రాయి. తర్వాత దొంగతనం."

"నీకు దొంగతనమేంటి తాతా?"

"దొంగైతే చీకట్లో ఓ మూల కూర్చోవచ్చు. జన్మంతా నిలబడే ఉన్నానమ్మా. ఆటలో కూడానా?"

"పోయినసారి గుహ ముందు అడ్డు నిలబడేవాళ్ళు లేకే నా మంత్రగత్తె చచ్చిపోయింది. ఈ కొత్తది కూడా చస్తే నన్ను ఆటలోంచి తీసేస్తారు."

"మీ జట్టులో మిగతావాళ్ళంతా ఏం చేస్తున్నారు?"

"అందరూ దొంగలే తాతా."

తాత మోకాళ్ళు రుద్దుకోవడం ఆపాడు.

"సరే, దొంగతనం చెరిపెయ్. కాపలా అని రాయి. అదెలాగూ వచ్చు."

"కత్తీ, డాలూ రాశాను. సామాన్లలో ఇంకేం కావాలి?"

"ఓ స్టూలు రాయమ్మా."