పదిహేడో నంబరు మోకాలు

మందమర్రిలో మా గని దవాఖానకు ఎదురుగా అంబదాస్ చాయ్ హోటల్ ఉండేది. 1989లో డాక్టర్ జగపతిరావు గారు రిటైరైన రోజు పొద్దున మేమంతా అక్కడే ఉన్నాం. ఇంగ్లీషు మందునూ అడవి మూలికనూ పక్కపక్కన పెట్టి, దేనితో ఎంత గుణం వస్తుందో ఇరవై ఏండ్లు రాసిపెట్టిన మనిషి ఆయన. ఢిల్లీ డాక్టర్లు కూడా ఆయన కాగితాలు తెప్పించుకొని చదివారు. సాయంత్రం ఆయనకు సన్మానం. బొగ్గు నింపే మొండయ్య మాత్రం అందులో సగం సన్మానం తనదే అన్నట్టు బెంచీ మీద కాళ్లు చాపుకొని కూర్చున్నాడు.

"నేను లేకుంటే సార్ పరిశోధన ఏడ నడుస్తుండె? డెబ్బై తొమ్మిదిల సంగతి. గా దినాలే వేరు. సోమవారం పొద్దుగాల దవాఖాన వరండల మోకాళ్ల నొప్పులోళ్లం నలభై మందిమి వరుసగ కూసుంటుంటిమి. సార్ ఒక్కొక్కరి మోకాలు తన చేతులతోని పట్టి చూసి, ఎట్లున్నది మొండయ్యా అని అడిగి, పొడుగు రిజిస్టర్ల రాసుకుంటుండె. అసొంటి డాక్టర్ మల్ల రాడు. నాది పదిహేడో నంబరు. సీసల వావిలాకు నూనె ఇచ్చిండు. వారం రాసిన. మంచిర్యాల దాక ఆగకుంట నడిచిన."

"నడిచినవు తీయి," అన్నాడు అంబదాస్.

"నడుచుడు ఏం లెక్క? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నెలకు బొగ్గుబాయిల తాడు తెగి, బొగ్గు నింపిన టబ్బుబండ్లు పది నా మీదికి దొర్లుకుంట వస్తున్నయి. అందరు ఉరికిండ్రు. నేను ఉరకలే. మోకాలు అడ్డం పెట్టిన. టబ్బులు ఆగుడు కాదు, ఎనుకకు మర్లి, ఎత్తు ఎక్కి, బాయి బయట పడ్డయి. మేనేజరొచ్చి, ఇంక తాడెందుకు, మొండయ్య ఉంటె చాలు అన్నడు."

అందరం నవ్వాం. నవ్వితే అతనికి బలం వస్తుంది.

"ఆర్నెల్లకు కొండగట్టు పోయిన. మెట్లెక్కుడు నామోషీ అనిపిచ్చి కిందికెల్లి దుంకిన. జర జోరు ఎక్కువైంది. గుట్ట దాటిన, గోదారి దాటిన. గుడి ముందటి కోతులు నోట్ల కొబ్బరిముక్క నమలుడు ఆపి నన్నే చూస్తున్నయి. నోట్ల బీడీ ఉన్నది."

"గాలికి ఆరిపోలేదా?" అన్నాడు అంబదాస్.

"ఆరింది. పక్కపొంటి మెరుపు పోతుంటె అంటిచ్చుకున్న. భైంసల పత్తికుప్ప మీద దిగిన. పత్తి సేట్లు లేపి నీళ్లిచ్చిండ్రు. మల్ల గాడికెల్లి దుంకి రెండో షిఫ్టు అందుకున్న. గిది ఇని జర్మనీ దొరలు విమానం దిగిండ్రు. మొండయ్యా, నీ మోకాలు జర ఇయ్యి, మా దేశమంత చూసి తెచ్చిస్తం అన్నరు. సార్ కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. నా పరిశోధన మొత్తం గా మోకాలే, ఎట్లియ్యాలె అన్నడు."

దవాఖాన ఆయా దుర్గవ్వ చేతిలో సీసాతో ఎప్పుడొచ్చి నిలబడిందో మేం చూడలేదు.

"తమ్మీ, గప్పుడు నీకిచ్చిన సీసల ఉన్నది వావిలాకు నూనె కాదు," అన్నది.

మొండయ్య నవ్వబోయి ఆగాడు.

"సగం మందికి వావిలాకు నూనె, సగం మందికి ఉత్త నువ్వుల నూనె. ఏడాదైనంక ఉత్త నూనెవాళ్లకు గూడ అసలు మందు ఇస్తనని సార్ మొదలే చెప్పిండు. నీది ఉత్త నూనె. ప్రతి సోమవారం, తగ్గలే సార్ అని నువ్వే చెప్పినవు. నీ అసొంటోళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పబట్టే మందు గుణం తేలిందని సార్ ఇప్పటికి అంటడు. అసలు మందుకు పిలిస్తే మాత్రం రాలే. మూడుసార్లు నేనే నీ ఇంటికొచ్చిన. తగ్గిందని చెప్పి పంపినవు."

ఎందుకు పోలేదో ఎవరూ అడగలేదు. అప్పటికే కాలనీ అంతా మంచిర్యాల నడక కథ చెప్పుకున్నాడు. మళ్లీ ఆ వరండాలో మందు కోసం కూర్చుంటే పదిమందీ చూస్తారు. ఆ మాట నిలుపుకోవడానికి పదేండ్లు నొప్పి భరించాడు. వచ్చి కూర్చున్నప్పటి నుంచి అతను బెంచీ మీది నుంచి లేవలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది.

"ఇయ్యాల సార్ రిజిస్టర్ అప్పజెప్పి పోతుండు," అన్నది దుర్గవ్వ. "అందరి గడులు నిండినయి. పదిహేడో గడి ఒక్కటే ఖాళీ. గీ సీసల అసలు మందు నీకోసమే చేసిండు. ఏమని రాయాలె?"

మొండయ్య చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"నొప్పున్నదని రాయుమను," అన్నాడు. తర్వాత, "వద్దక్క. నేనే వచ్చి చెప్త," అన్నాడు.

బల్ల అంచు పట్టుకొని లేచాడు. అంబదాస్ పొయ్యి వదిలి వచ్చి భుజం కింద చెయ్యి వేశాడు. రోడ్డు దాటితే దవాఖాన. ఆ కాస్త దూరానికి మొండయ్య మూడుసార్లు ఆగాడు.

దుంకమని ఎవరూ అనలేదు.