వినీలకు తొడిగిన బెల్టు

నా పేరు గుంజి హెప్సిబా, తండ్రి సామ్యేలు, వయసు ముప్పై నాలుగు, ఊరు ఎ.కొండూరు. సోలార్ ప్యానెళ్లు బిగించే పని చేస్తాను. ఈ రోజు తిరువూరు పోలీసు స్టేషన్‌లో ఎస్సై గారు అడగ్గా చెబుతున్నాను.

ఈ పనికి ముందు మామిడి తోటల్లో కాయలు ఏరేదాన్ని. రెండేళ్లుగా ఇళ్ల మీదా గోడౌన్ల మీదా సోలార్ పెట్టించుకునేవాళ్లు బాగా పెరిగారు. బిగించడానికి మనుషులు దొరకడం లేదు. కాంట్రాక్టరు హర్షవర్ధన్ గారు ఊళ్లు తిరిగి ఆడవాళ్లని కూడా పనిలోకి తీసుకున్నారు. నాకు మూడు వారాలు నేర్పించారు. తర్వాత నెమలి నుంచి వచ్చిన వినీలకి మూడు రోజులే. "మిగతాది పైకెక్కితే అదే వస్తుంది" అన్నారు.

మొన్న మంగళవారం రెడ్డిగూడెం దగ్గర మామిడికాయల గోడౌన్ మీద పని. సిమెంటు రేకుల కప్పు, చాలా ఎత్తు. నేను హర్షవర్ధన్ గారిని సేఫ్టీ బెల్టులు అడిగాను.

"తగిలించుకుంటూ విప్పుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి అవదు. ఎక్కండి" అన్నారు. ఎక్కాం.

పొద్దున పదకొండు దాటాక వినీల ప్యానెల్ అందుకుని వెనక్కి అడుగేసింది. రేకు విరిగింది. ఆమె అరవలేదు. కింద ట్రేలు పగిలిన చప్పుడు వచ్చింది.

నేను నిచ్చెన దిగి లోపలికి పరిగెత్తాను. కాయల మధ్య వెల్లకిలా పడి ఉంది. "అక్కా, నా కాళ్లు ఎక్కడున్నాయి?" అంది. కాళ్లు అక్కడే ఉన్నాయి. నేను పట్టుకుని ఉన్నాను. పట్టుకున్నానని చెప్పాను. తెలియడం లేదంది.

నేను 108కి ఫోన్ చేయబోతుంటే హర్షవర్ధన్ గారు వచ్చి ఫోన్ లాక్కున్నారు. కారు డిక్కీలోంచి కొత్త బెల్టు తెచ్చారు. దాని కవరు కూడా చింపలేదు. నన్ను తొడగమన్నారు.

"కదపకూడదు సార్" అన్నాను. తొడగనన్నాను.

ఆయనే ఆమె చంకల్లో చేతులేసి లేపి కూర్చోబెట్టారు. అప్పుడు అరిచింది. తొడల చుట్టూ పట్టీలు బిగించారు. ఒక పట్టీ మెలిపడితే విప్పి మళ్లీ బిగించారు. మళ్లీ అరిచింది. పడుకోబెట్టి ఫోటో తీసుకుని, అప్పుడు నా ఫోన్ నాకిచ్చారు. "బెల్టు ఉంది, తనే హుక్కు తగిలించుకోలేదని చెప్పు" అన్నారు.

అది అబద్ధం. మాకు బెల్టులే ఇవ్వలేదు.

వెన్నెముక విరిగిందని, ఇక నడవలేదని విజయవాడలో డాక్టరు గారు చెప్పారు. పడినప్పుడు విరిగిందా, లేపినప్పుడు విరిగిందా అని అడిగాను. చెప్పలేమన్నారు.

మర్నాడు హర్షవర్ధన్ గారు ఫోన్ చేశారు. వినీల ఎలా ఉందో అడుగుతారనుకున్నాను. "దాని చెల్లెలు హాసిని ఖాళీగా ఉందటగా. పని సగంలో ఆగింది, మనుషుల్లేరు" అన్నారు. నేను పెట్టేశాను. ఆయన నేరుగా వాళ్లింటికే వెళ్లారు. ఆ ఇంట్లో సంపాదించేది వినీల ఒక్కతే.

ఈ ఉదయం హాసిని అదే గోడౌన్‌కి పనికి బయల్దేరింది. వెళ్లొద్దని చెప్పాను. "మరి ఎవరెళ్తారక్కా?" అంది.

నేను చెప్పింది చెప్పినట్టే రాసి చదివి వినిపించారు. అంతా నిజం. హాసిని ఇప్పుడు కప్పు మీదే ఉంది, ముందు ఎవరినైనా అక్కడికి పంపించండి.

(సంతకం) జి. హెప్సిబా