ఎడమ స్టీరింగు కారు

"నాయనమ్మా, కొత్త అద్దం ఈ గోడకి బిగించెయ్యనా, నీ బీరువాకి ఎదురుగా? అవునుగానీ, బీరువా మీద ఈ చెక్క కారుకి స్టీరింగు ఎడమ పక్కనుందేంటి? పైదేశపు కారా?"

అద్దం సంగతి తర్వాత. ముందు ఆ కారు కింద పెట్టు. రెండు చేతులతో పట్టుకోవాలమ్మా దాన్ని. ముక్కు దగ్గర పట్టుకోకు, వేలిముద్రలు పడితే మళ్ళీ నేనే తుడుచుకోవాలి.

పైదేశపుదే, ఇంగ్లండుది. కాని అక్కడా స్టీరింగు కుడి పక్కనే ఉంటుందట. ఇది ఎడమకి రావడానికి కారణం దేశం కాదు, మీ తాతయ్య చెయ్యి. కూర్చో, చెప్తాను. నిలబడి వినేవాళ్ళకి నాకు చెప్పబుద్ధి కాదు.

మీ తాతయ్య కలంకారీ అచ్చులు చెక్కేవాడని తెలుసుగా. పెడనలో అద్దకం వాళ్ళకి టేకు చెక్కల మీద పూలూ లతలూ చెక్కి ఇచ్చేవాడు. మేం అప్పుడు బందరులోనే, మంచినీళ్ళ చెరువు దగ్గర రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. మీ నాన్న పాకుతున్నాడు. కాదు కాదు, గోడ పట్టుకుని నిలబడుతున్నాడు అప్పటికి. కారు రంగు డబ్బాలో చెయ్యి పెట్టాడు, పాకే పిల్లాడికి అందదుగా అది.

అప్పుడు దివిసీమలో ఒక దివాణం ఉండేది. జమీందారీలు పోయాయి, ఆ దొరగారూ పోయారు. ఆయన తిరిగిన కారుని మద్రాసులో ఎవరో కొనుక్కున్నారు. ఎంత కారనుకున్నావు, మన వంటిల్లూ ఈ గదీ కలిపితే దానికి సరిపోతుంది. దాని పేరు మాకెవరికీ నోరు తిరిగేది కాదు, ముందు భాగమంతా వెండిలా మెరిసేదని వెండిముక్కు కారు అనేవాళ్ళం. అది ఊళ్ళోకి వస్తే జనం పొలంలో పని ఆపి చూసేవాళ్ళు. దొరసానమ్మగారికి దాన్ని వదలబుద్ధి కాలేదు. వదలక తప్పదు. అందుకని కారు వెళ్ళిపోయేలోపల అచ్చం అలాంటిదే చిన్నది చేయించి, ఆయన ఫొటో ముందు పెట్టుకోవాలనుకున్నారు. ఎవరో మీ తాతయ్య పేరు చెప్పారు.

ఆయన వెళ్ళి కొలతలూ బొమ్మలూ కాగితాల మీద గీసి తెచ్చుకున్నాడు. అడుగుకి అంగుళం లెక్కన చెయ్యాలని. ఒక్కడే వెళ్ళలేదు. గుడివాడ నుంచి వాళ్ళ మేనమామనీ, మేనమామ కూతురు రూతునీ తీసుకెళ్ళాడు. ఆ మామయ్యగారిది జట్కా సీట్లు కుట్టే పని. తోలు పని, మెత్తలు దట్టించడం ఆ అమ్మాయికీ బాగా వచ్చు. కారులో ముందు సీటు తోలుది, వెనక సీటు బూడిదరంగు ఉన్నిగుడ్డది. వాటికి కాగితం మీద కత్తిరింపులు తీసుకోవడానికి రూతు వెళ్ళింది. నాకు చంకలో పిల్లాడు. నేను ఇంట్లో ఉన్నాను.

నీకు చెప్పకూడదని లేదు, పెద్దదానివయ్యావు. రూతుని మీ తాతయ్యకే అనుకున్నారు, చిన్నప్పట్నుంచీ. పెద్దవాళ్ళ మధ్య ఏదో మాట తేడా వచ్చి అది తప్పిపోయింది, నన్ను అడిగారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ అమ్మాయి ఏనాడూ గీత దాటలేదు, ఆయనా దాటలేదు. నేను దాటనిచ్చేదాన్నీ కాదు. కాని ఆ పిల్ల "బావా" అని పిలిస్తే ఆయన తల ఎత్తే తీరు వేరు. నేను "ఏమండీ" అంటే చెక్కుతూనే "ఊఁ" అనేవాడు.

సరే, కారు మొదలైంది. పొద్దున లేచి ప్రార్థన చేసుకుని అప్పుడు ఉలి పట్టుకోవడం మా ఇంటి పద్ధతి. నేను పెట్టిన పద్ధతే అది. ఈ కారు వచ్చాక ఆయన ఆమెన్ అనకముందే కళ్ళు తెరిచి బల్ల వైపు చూసేవాడు. నాకెలా తెలుసంటావా, నేనూ తెరిచి చూశాను కాబట్టి. చిలకలపూడి వెళ్ళి గిల్టు నగలు చేసేవాళ్ళ దగ్గర ఆ ముక్కుకి పూత పెట్టించాడు. దీపాలకి వాచీ అద్దాలు తెచ్చాడు. ఉప్పుకాగితంతో రుద్దడం, రంగు వెయ్యడం, ఆరనివ్వడం, మళ్ళీ రుద్దడం. ఆ రంగు వాసన అన్నంలోకి వచ్చేది. పిల్లాడి మెత్తటి గుడ్డలన్నీ దాన్ని తుడవడానికే పోయాయి. అన్నిటికంటే నా ఒళ్ళు మండిన సంగతి చెప్పనా, ఆయన దాన్ని "ఈవిడ" అనేవాడు. "ఈవిడకి ఇంకో పూత వెయ్యాలి." "ఈవిడ తలుపు ఇంకా సరిగ్గా పడట్లేదు." ఒకరోజు అన్నాను, "ఆ ఆవిడకి అన్నం కూడా పెట్టమంటారా?" అని. నవ్వాడు. "నీకు దీని మీద ఎందుకే కోపం, సుగుణా? చెక్కముక్క" అన్నాడు. చెక్కముక్కని ఎవరైనా చెంప నిమిరినట్టు నిమురుతారా?

నాకు కుట్టు రాదా అంటే వచ్చు. మిషను ఆసుపత్రిలో తెల్లదొరసాని దగ్గర నేర్చుకున్నాను. నేను అంచు మడిచి కుడితే కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి, ఆవిడే అనేది. ఆ సంగతి మీ తాతయ్యకి తెలుసు, ఆయన చొక్కాలన్నీ నేను కుట్టినవే. అయినా నన్ను అడగలేదు. నేను అడిగించుకోవాలనుకున్నాను, నోరు తెరిచి నేను కుడతానని చెప్పలేదు. అది నా స్వభావం. ఇప్పటికీ అంతే.

దివాణం కారు వెళ్ళిపోయింది మద్రాసుకి. ఇక చూసి సరిచేసుకోవడానికి అసలుది లేదు. అప్పుడు గుడివాడ నుంచి సీట్లు వచ్చాయి, గుడ్డలో చుట్టి. వెనక సీటు చక్కగా కూర్చుంది. ముందు సీటు కూర్చోలేదు. ఏమైందంటే, ఆ కారులో డ్రైవరు తొడ పక్కనే, తలుపు వైపు, గేరు కర్రా బ్రేకు కర్రా ఉంటాయి. వాటికి చోటివ్వడానికి సీటు ఆ మూల కొంచెం కోసి ఉంటుంది. మీ తాతయ్య ఆ కర్రలకి నేల పలకలో తొలిచిన చోటు ఒక పక్కనుంది, రూతు సీటులో కోత రెండో పక్కనుంది.

ఆయనకి కోపం తక్కువ. ఆరోజు మాత్రం వచ్చింది. "అటుదిటు కుట్టేసింది, తొందరపిల్ల" అన్నాడు. పెడన నుంచి వచ్చిన అద్దకం వాళ్ళ ముందే అన్నాడు. వాళ్ళలో ఒకాయన మర్నాడు గుడివాడ వెళ్తున్నాడు. ఆయనతో చెప్పి పంపించాడు కూడా, "సీటు తప్పొచ్చింది, ఇక నేను ఇక్కడే చూసుకుంటాను, శ్రమపడొద్దు" అని. చూడు, ఆ మాట వాళ్ళ నాన్న చెవిన పడితే ఆ పిల్లకి ఎలా ఉంటుంది? కాని నాకు ఆరోజు ఎలా ఉందంటే, పండగలా ఉంది. ఎందుకంటే ఆ వెంటనే ఆయన నా వైపు తిరిగి, "సుగుణా, నువ్వు కుడతావా?" అన్నాడు.

కుట్టాను. ఆ తోలుని తడిగుడ్డలో ఉంచి మెత్తబరిచి, సన్నసూదితో, పొద్దున వెలుగులో కూర్చుని కుట్టాను. పలకలో తొలిచిన చోటు ఎటుందో అటే కోత పెట్టాను. అదిగో, నువ్వు చూస్తున్న సీటు అదే. గోరు పెట్టి చూడు, కుట్టు తగలదు. ఆయన దాన్ని కారులో కూర్చోబెట్టి, "సరిపోయింది" అన్నాడు. అంతే. సరిపోయింది, అని. ఆ తర్వాత స్టీరింగు బిగించాడు, తలుపులు మూశాడు, దూరంగా నిలబడి చూశాడు, పిల్లాణ్ణి ఎత్తుకుని వాడికి చూపించాడు.

ఆ సాయంత్రం నేను బిందె తీసుకుని మంచినీళ్ళ చెరువుకి వెళ్ళాను. దారిలో అవనిగడ్డ బస్సు ఆగి ఉంది. ఎన్నిసార్లు చూడలేదు ఆ బస్సుని? ఆరోజు చూస్తే డ్రైవరు కుడి పక్కన కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక లారీ, దానికీ కుడి పక్కనే. నేను నీళ్ళు ముంచుకుంటూ కుడిచెయ్యి ఏది, ఎడమచెయ్యి ఏది అని చూసుకున్నాను చిన్నపిల్లలాగా. మా కారులో ఎడమ పక్కనుంది.

ఎలా జరిగిందో కూడా అక్కడే అర్థమైంది. అచ్చు చెక్కేవాళ్ళు బొమ్మ గీసిన కాగితాన్ని చెక్క మీద బోర్లా వేసి రుద్దుతారమ్మా. బొమ్మ తిరగబడి దిగుతుంది. గుడ్డ మీద అద్దినప్పుడు మళ్ళీ తిన్నగా వస్తుంది. పదేళ్ళ వయసు నుంచి ఆయన చెయ్యి చేసింది అదే. కారు కాగితాల్నీ అలాగే బోర్లా వేసి రుద్దేశాడు. రుద్దిన కాగితం చిరిగిపోతుంది, తర్వాత చూసుకోవడానికి ఉండదు. కారుని ఎక్కడా అద్దరు కదా, తిన్నగా రావడానికి. నేల పలక తిరగబడింది, దాంతో పాటు కారంతా తిరగబడింది. రూతు సీటు మాత్రం తిన్నగా ఉంది. ఆ పిల్ల కళ్ళతో చూసింది చూసినట్టు కుట్టింది.

బిందె చంకనెత్తుకుని ఇంటికి నడుస్తున్నాను. నేను చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? దొరసానమ్మగారు కారులో వెనకే కూర్చునేవారు, ఆవిడకి పట్టకపోవచ్చు. నా సీటు దివాణంలో ఉంటుంది. రూతు తొందరపిల్ల అన్న మాట అలాగే ఉండిపోతుంది. నిజం చెప్తున్నాను, ఆ దారి అంత చిన్నదని నాకు ముందెప్పుడూ అనిపించలేదు. కాని పరాయివాళ్ళ పిల్ల మీద పడిన అబద్ధపు మాటని చూస్తూ ఊరుకున్నదాన్ని, మర్నాడు పొద్దున ప్రార్థనలో మోకాళ్ళ మీద ఎలా కూర్చుంటాను? ఆ పిల్ల అంటే నాకు పడదు కాబట్టి, ఇంకా గట్టిగా చెప్పి తీరాలి. అలా పెంచారు నన్ను.

బిందె దించాను. మేకుకి ఉన్న అద్దం తీసుకొచ్చి కారు పక్కన పట్టుకున్నాను. "కారుని చూడొద్దు, అద్దంలో చూడండి" అన్నాను.

ఆయన చూశాడు. అద్దంలో స్టీరింగు కుడి పక్కనుంది. హారను, పక్కన తగిలించిన చక్రం, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. దివాణం కారు అద్దంలో ఉంది. మా బల్ల మీద ఉన్నది అచ్చు.

అయ్యో ఇంత కష్టం పోయిందే అంటాడనుకున్నాను. నువ్వెలా కనిపెట్టావు సుగుణా అంటాడనుకున్నాను. ఏమన్నాడో తెలుసా?

"అయితే రూతు తప్పు లేదన్నమాట" అన్నాడు.

అదీ మొదటి మాట. నా చేతిలో అద్దం ఉంది. కింద పడేయకుండా తీసుకెళ్ళి మేకుకి తగిలించాను.

మర్నాడు రైలెక్కి గుడివాడ వెళ్తానన్నాడు, చెప్పిరావడానికి. నేనూ వస్తానన్నాను. పిల్లాడికి ఎండ దెబ్బ తగులుతుందన్నాడు. తగలదన్నాను. గుడ్లవల్లేరు దాటేదాకా పిల్లాడి మీద కొంగు కప్పి కూర్చున్నాను. వాళ్ళింట్లో ఆయన మామయ్యగారి ముందు చేతులు కట్టుకుని, "పొరపాటు నాది మావయ్యా, చిన్నదానిది కాదు" అన్నాడు. రూతు గుమ్మంలో నిలబడి వింది. "ఎవరు కనిపెట్టారు బావా?" అంది. "మీ అక్క" అన్నాడు. ఆ పిల్ల నా వైపు చూసి, "అక్కా, నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా" అంది. "తెలిసేది కాదు" అన్నాను. చెరుకురసం ఇచ్చింది, తాగాను.

ఆయన ఇంకో కారు చేశాడు. దొరసానమ్మగారు ఓపిక పట్టారు పాపం. కొలతలు ఎక్కడివంటావా, ఈ కారునుంచే తీసుకున్నాడు. దీని మీద కాగితం పెట్టి గీసుకోవడం, బోర్లా వేసి రుద్దడం. తిరగబడ్డదాన్ని మళ్ళీ తిరగేస్తే తిన్నగా వచ్చింది, అద్దకంలోలాగే. రూతు సీటు అందులో చక్కగా కూర్చుంది, ఒక్క కుట్టు విప్పకుండా. దాన్నే దివాణానికి తీసుకెళ్ళారు. అద్దాల పెట్టెలో పెట్టారట, వచ్చినవాళ్ళందరికీ చూపించేవారట, "ఈ సీట్లు చూడండి" అని. ఆ మాట ఎవరో మోసుకొచ్చి నాకే చెప్పాలా? నా సీటు ఈ బీరువా మీద ఉంది, దీన్ని ఎవరికి చూపిస్తాను?

రూతుకి ముదినేపల్లిలో ఒక మాస్టారితో పెళ్ళయింది, పిల్లలు బాగానే స్థిరపడ్డారు. మీ తాతయ్య పోయినప్పుడు వచ్చింది. అప్పటికి ఇద్దరం ముసలివాళ్ళమే. అందరూ వెళ్ళాక ఈ గదిలో కూర్చుని బీరువా మీద కారు వైపు చూసింది. "బావ చేతిది నా దగ్గర ఒక్కటీ లేదక్కా. దివాణంలో దాన్ని నేను చూడను కూడా లేదు. నీకు రోజూ కళ్ళ ముందు ఉంటుంది. ఒక్కసారి ఒళ్ళో పెట్టుకోనా?" అంది.

అంటే ఇన్నేళ్ళూ ఆ పిల్ల కూడా నాలాగే కుళ్ళుకుంది, అని అప్పుడనిపించింది. దించి ఇచ్చాను. ఇచ్చి పక్కనే నిలబడ్డాను. తలుపు తీసింది, సీటు మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపింది. "నీ కుట్టు నాకంటే సన్నం అక్కా" అంది.

ఆ మాట ఆయన అనాల్సింది. ఆయన అనలేదు. అన్నది రూతు.

తీసుకుని మళ్ళీ పైన పెట్టేశాను. చీకటి పడకముందే బస్సు ఎక్కించాను.

ఏంటమ్మా అలా చూస్తున్నావు? నాకింకా కోపం ఉందా అంటావా? కోపం కాదు, అది వేరే. పోనీలే. కారు పైన పెట్టు, ముక్కు ఇటువైపు ఉండాలి. నా తర్వాత నీకే అది, ఇంకెవరికీ ఇవ్వను. సీటు పాతబడిందని విప్పి ఎవరిచేతా కుట్టించకు.

అద్దం మాత్రం ఆ గోడకి వద్దు తల్లీ. వసారాలో పెట్టుకో. ఇక్కడ పెడితే పడుకున్నప్పుడు నాకు అద్దంలో కారు కనబడుతుంది. అద్దంలో స్టీరింగు కుడికి మారుతుంది, అది రూతు కారు.

వెళ్ళు, అన్నం తిను. దేవుడు నిన్ను చల్లగా చూడాలి, నిన్ను పిలిస్తే తల ఎత్తి పలికేవాణ్ణి ఇవ్వాలి నీకు...