చంద్రభాగక్క పెట్టిన పరీక్ష

హలో… ఆ ఆ, నేనే. చంద్రభాగక్కనే, గుర్తువట్టలేవా?… గొంతు సన్నగైంది గని తిట్లు తగ్గలే, అంబ్యా!

జనార్దన్ సేఠ్ ఇంట్ల ఫోన్‌కెల్లి మాట్లాడుతున్న. కొడుకూ కోడలూ కుర్చీతోనే మోస్కొచ్చిన్రు. దాజీ పేట్ గల్లంత సూశింది, పెండ్లిపిల్ల లెక్క ఊరేగిన… నవ్వియ్యకురా, నవ్వితె కడుపుల గడ్డ గుంజుతది.

…ఆగు, నువ్వు బొంబాయి దవాఖానకు రమ్మనే సంగతి తర్వాత. ముందుగాల డాక్టర్ల ముచ్చట ఇను. ముగ్గురిని సూశిన. ముగ్గురినీ ఒక్కటే అడిగిన — రాఖీ పున్నమకు మార్కండేయ సామి రథమెంట నడుస్తనా అని.

…మరేంది! వాళ్లు నన్ను పరీక్ష జేస్తరు, నేను వాళ్లను జెయ్యొద్దా?

మొదటాయన “నడుసుడేంది మావ్‌శీ, ఉరుకుతవ్” అన్నడు. బలం సూది గుచ్చి పంపిండు. నొప్పికి తెల్లారేదాక మంచంపట్టె కొరికిన. ఫెయిల్!

రెండో ఆయన… ఆ, పెద్ద దవాఖానాయన. నా మొకమే సూడలే. కొడుకును బయటికి తోల్కపోయి, “చేసేదేం లేదు, ఇంటికి తీస్కపోండ్రి” అన్నడు. తలుపు సందులకెల్లి నాకు ఇనవడ్డది… రోగం నాదా, వానిదా? ఆయన అసల్ పరీక్షకే రాలే పో.

మూడో ఆయన జోడ్‌భావి పేట్ల కొత్తగొచ్చిండు. మంచం మీద నా పక్కకే కూసున్నడు. యాడ నొస్తది, నిద్రవడుతుందా, దొడ్డికైతుందా, దేనికి భయమైతుంది — అన్నీ అడిగిండు. నొప్పి లేశేదాక ఆగొద్దు, ఏళకు మందు తాగు అన్నడు.

…అడగకుంట ఇడుస్తనా? అడిగిన. నా చెయ్యి పట్టుకున్నడు. “నడువలేవు మావ్‌శీ. పున్నమ దాక ఉంటవో లేదో నేను చెప్పలేను. గని నొప్పి తగ్గిస్త. నువ్వు సూడాలనుకున్నోళ్లను ఇప్పుడే పిలిపించుకో” అన్నడు. నా చెయ్యి ఇడువకుంటనే చెప్పిండు.

…ఏడ్శిన. మస్తు ఏడ్శిన. అటెంక ఆకలైంది, ఇంత జొన్నగట్క తాగిన. మందేసుకొని పండుకుంటె పొద్దెక్కినంక లేశిన, అంబ్యా. ఎన్ని నెలలాయె గట్ల పండుకోక!

…గందుకే బొంబాయి రాను. నాకు కావల్సిన డాక్టర్ ఈడనే దొరికిండు.

…సరే, నీకు గూడ అదే ప్రశ్న. చెప్పు. రథమెంట నడుస్తనా?

…“ఏం గాదక్కా, మంచిగైతవ్” అంటవా? నువ్వు గూడ ఫెయిల్!

…హలో?… అంబ్యా?… ఏడుస్తున్నవా? అరే పిచ్చోడా… నాకు గూడ భయమే రా. నిన్ను సూడకుంట పోతనేమో అని.

…ఇను. రాఖీ తెప్పించి దిండు కింద వెట్టిన. నువ్వెప్పుడొస్తె మనకు గప్పుడే పున్నమ.

…ఏంది? ఇయ్యాల్టి బండికే వస్తవా?… మరి భివండిల బట్ట నేశే నీ సాంచెలు?… ఆగితె ఆగనీ అంటవా!

పాసైనవ్ తమ్ముడా. ఇగ ఫోన్ వెట్టు, బండి పోతది.