ఇద్దరు వెతికితేనే

ఆర్హూస్ నగరంలో ఒక గ్రంథాలయం. వెబ్‌సైట్‌కి కొత్త సెర్చ్ తయారుచేస్తున్న ఆస్గర్‌ని పై అధికారి బోదిల్ తన గదికి పిలిచింది.

"రాజుల చరిత్ర కావాలని 'రా' అని కొట్టాను. ఏం చూపిస్తోందో చూడు ఆస్గర్."

"బాగానే ఉందిగా. ఒక్క అక్షరానికే మిగతాదంతా అందిస్తోంది."

"పైకి చదువు."

"రాజుల చరిత్ర..."

"అది రెండోది. మొదటిది చదువు."

"రాజీనామా పత్రం రాయడం ఎలా."

"ఊఁ."

"డిక్షనరీలోంచి వచ్చుంటుందిలే."

"డిక్షనరీ కాదు, మనుషులు వెతికిన మాటలే వస్తాయని నిన్న నువ్వేగా చెప్పావు. ఇంకా జనానికి తెరవలేదు. వాడుతున్నది మనిద్దరమే. ఎక్కడికి పోతున్నావ్?"

"కాఫీకి."

"ఉద్యోగం మానేసి ఎక్కడికి పోతున్నావ్ అని."

"సరే. మా ఆవిడకి ఓడెన్సేలో పని దొరికింది. ఇది పూర్తయ్యాక చెబుదామనుకున్నా."

"రోజూ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతావ్, నోరు మాత్రం విప్పవు. నాకెంత కష్టంగా ఉంటుంది?"

"తప్పే. కానీ బోదిల్, ఒక్క అనుమానం."

"మాట మార్చకు."

"ఒక్కరే వెతికింది చూపించొద్దు, వాళ్ల గుట్టు బయటపడుతుంది, కనీసం ఇద్దరు వెతికితేనే చూపించమని రూలు పెట్టించిందెవరు?"

"నేనే. మంచి రూలే కదా."

"మంచిదే. పనిచేస్తోంది కూడా, పొద్దున చూశాను. నేనొక్కణ్ణే వెతికితే అది పైకి రాదు."

"ఎక్కడో పొరపాటు జరిగుంటుంది."

"రెండో మనిషెవరు?"

"కాఫీకన్నావుగా, వెళ్లు మరి."

"బోదిల్."

"మెల్లిగా. ముందా తలుపు వెయ్యి."

"వేశాను. చెప్పు."

"ఇక్కడ ముందు వెళ్తానన్నవాళ్లకి కేకు కోసి పంపిస్తారు. రెండోవాళ్లని కొత్త మనిషి దొరికేదాకా ఉండమని బతిమాలి ప్రాణం తీస్తారు. తెలుసుగా?"

"తెలుసు. అందుకే మధ్యాహ్నం వెళ్లి చెప్పేద్దామని..."

"నేను వెతికి వారమైంది. నిన్నటిదాకా అది పైకి రాలేదు. ఇవాళ పొద్దున వచ్చింది, నువ్వూ వెతికావని తెలిసింది. నా రాజీనామా కాగితం అప్పుడే ఇచ్చేశాను, నువ్వు నింపాదిగా కాఫీ తాగు."